నాన్న చేతికట్టు సోదా

మా నాన్న కుడిచెయ్యి సైనికుడి తుపాకి మడమ దెబ్బకి విరిగిందని రంగూనులో మా తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. మా వీధి కుర్రాళ్ళం కట్టిన కంచె మీంచి పడి విరిగింది. అది వంకరగా అతుక్కోవడంలో నా చెయ్యి ఉంది. నాన్న పోయాక కూడా ఈ అబద్ధం బతికుండటం నాకు ఇష్టం లేదు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో సైనిక పాలన వద్దని ఊరంతా రోడ్లెక్కింది. ప్రభుత్వం ఉందో లేదో ఎవరికీ తెలీదు. తాగే నీళ్ళలో విషం కలిపేవాళ్ళు తిరుగుతున్నారని పుకారు. ప్రతి వీధీ వెదుళ్ళతో కంచె కట్టుకుని, పదునుపెట్టిన సైకిలు పుల్లలిచ్చి కుర్రాళ్ళని కాపలా పెట్టింది. మా పేట అహ్లోన్‌లో మా కంచె అన్నిటికంటే ఎత్తు. కట్టడం అయ్యాక చూసుకుంటే తలుపు పెట్టడం మరిచిపోయాం. అంత అందమైన కంచెని విప్పడానికి మాకు మనసొప్పలేదు. పబేడాన్ బజారు నుంచి కందిపప్పు తెస్తున్న నాన్న అవతల నిలబడి మమ్మల్ని కాసేపు తిట్టి, లుంగీ ఎగ్గట్టి ఎక్కాడు. పప్పు ఇవతల పడింది. ఆయన అవతల పడ్డాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ము లేదు, ప్లాస్టరూ లేదు. దేశం ఎప్పుడో తలుపులు మూసుకుంది, అవి రావాల్సింది బయటినుంచే. పక్కింటాయన నాన్నని రిక్షాలో తామ్వే పేటకి, ఎముకలు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ముంజేతిలోని రెండు ఎముకల్లో ఒకటి పింగాణీ పళ్ళెంలా బీటిచ్చిందట. అది దానంతటదే మానుతుంది. రెండోది పూర్తిగా విరిగి, కొనలు ఒకదాని మీదకొకటి ఎక్కాయి. ముసలాయన లాగి కొనలు కలిపి, వెదురుబద్దలు వేసి కట్టాడు. విరిగినచోట నెత్తురు గడ్డకట్టి, అది జిగురై, మెత్తటి ఎముకై, చివరికి గట్టి ఎముకవుతుందన్నాడు. ఎలా పట్టి ఉంచితే అలా అతుక్కుంటుంది, అందుకని కట్టు కదపొద్దన్నాడు.

తిరుగుదారి పొడవునా కంచెలే. అంత లావు కట్టులో విషం పొట్లం పట్టొచ్చని మొదటి కంచెవాళ్ళకి అనుమానం వచ్చింది. నాన్నని బర్మా భాషలో మర్యాదగా బాబాయ్ అని పిలిచి, కట్టు విప్పి, వాసన చూసి, క్షమాపణ చెప్పి మళ్ళీ కట్టారు. రెండో కంచె దగ్గర ఫుట్‌బాల్ ఆడే ఒకడు ఆ కట్టు తప్పని తేల్చి తన పద్ధతిలో కట్టాడు. ఇంకోచోట రేవు కూలీలు పడవతాడు ముడి వేశారు. బద్ద ఒకటి కనబడకపోతే తమ కంచెలోంచే వెదురు విరిచి ఇచ్చారు. టీ కూడా పోశారట. ముసలాయన కట్టింది ఏ కంచె దగ్గర పోయిందో నాన్నకే తెలీదు.

ఆఖరి కంచె మాది. ఈలోపల తలుపు పెట్టాం. తలుపు దగ్గర కాపలా నేను. కాసేపటి ముందే, విషం ఉందేమోనని నా స్నేహితుడి మామ్మ చేత తమలపాకుల డబ్బా తెరిపించాను. వాడు పక్కనే నిలబడి నేనేం చేస్తానా అని చూస్తున్నాడు.

"కట్టు ఒక్కపాలి సూసేత్తాను నాన్నా," అన్నాను.

"నా సెయ్యిరిగినపుడు నువ్విక్కడే ఉన్నావు కదేట్రా?"

"ఎల్లినపుడు కట్టు లేదు కదా."

నాన్న నా మొహంలోకి చూసి చెయ్యి చాపాడు. విప్పాను. లోపల విషం లేదు. ఎముక కదిలిన చప్పుడు వినబడింది. విననట్టే మళ్ళీ కట్టేశాను. నాకు వచ్చిన ముడి ఒక్కటే, కంచెకి వేసేది.

సైన్యం వచ్చి కంచెలు పీకేశాక, కంచె దగ్గర ఉన్నామని చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. చెయ్యి గురించి నాన్న నోరు మెదపలేదు. తుపాకి మడమ కథ జనమే అల్లారు. నేను ఊకొట్టాను.

ఎముక అతుక్కుంది, గట్టిగా, వంకరగా. అరచెయ్యి పైకి తిరగడం మాత్రం మానేసింది. గుళ్ళో పూజారి తీర్థం పొయ్యబోతే నాన్న చెయ్యి బోర్లానే ఉండిపోయింది. ఎడంచేత్తో పుచ్చుకోవడానికి ఆయన ఒప్పుకోడు. వెనక జనం ఆగిపోయారు. నా చేతిలో పట్టి ఆయన నోటికి అందించాను. ఆ తరవాత అదే అలవాటైంది. కొడుకంటే ఇలా ఉండాలని ఆడవాళ్ళు తమ పిల్లలకి నన్ను చూపించేవారు. ఆ మెప్పు కూడా వెనక్కి ఇచ్చెయ్యాలి.

నేను చెయ్యి చాపిన ప్రతిసారీ, తాగేముందు నాన్న నాకు మాత్రమే వినబడేట్టు అడిగేవాడు. "సోదా అయిపోనాదేట్రా?"

"అయిపోనాది నాన్నా," అనేవాణ్ణి.

అప్పుడు తాగేవాడు.