ఎర్రిస్వామి ఎడమ బొటనవేలు

పేరు ఎర్రిస్వామి, ఆదివారం కీబోర్డు వాయించేది చర్చిలో. శనివారం హొళగుంద భజనలో. పెళ్లిళ్ల కాలంలో ఆదోని ఫంక్షన్ హాళ్లలో. మిగతా రోజుల్లో జిన్నింగ్ మిల్లులో పత్తి మోస్తాడు. రిహార్సలుకు వచ్చినప్పుడు తల నిండా దూది ఉంటుంది, దులుపుకోడు. "అప్పుడే ముసలోడివై పోతివే అన్నా" అని ఏడిపించేవాణ్ణి. నేను దస్తగిరిని. ఏళ్ల తరబడి అతని పక్కన డోలక్ వాయిస్తున్నాను, చర్చిలోనూ భజనలోనూ కూడా. మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు.

అతని గురించి చెప్పాలంటే ముందు చక్రం గురించి చెప్పాలి. కీబోర్డుకు ఎడమ చివర చిన్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని కొంచెం తోస్తే మోగుతున్న స్వరం వంగి పైకో కిందకో జారుతుంది. చాలామంది దాన్ని సినిమా పాటలో ఎక్కడో ఒకచోట సరదాకి తిప్పి వదిలేస్తారు. ఎర్రిస్వామి ఎడమ బొటనవేలు మాత్రం దాని మీది నుంచి లేచేది కాదు. కీబోర్డులో మెట్టు తర్వాత మెట్టే, మధ్యలో ఏమీ ఉండదు. అతనికి కావలసిందంతా ఆ మధ్యలోనే ఉంది.

అతను ఏ మాస్టారి దగ్గరా నేర్చుకోలేదు. చిన్నప్పుడు హొళగుందలో మేనమామ ఇంట్లో పెరిగాడు. ఆ వీధిలో ఉచ్చీరప్ప అనే ఆయన తత్వాలు పాడేవాడు, సగం తెలుగు, సగం కన్నడం. ఆయన గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నేరుగా పోదు. దారిలో ఆగి, వెనక్కి తిరిగి చూసి, అప్పుడు పోతుంది. తర్వాత ఎమ్మిగనూరు అమ్మాయి హెప్సిబాను చేసుకుని, ఆమె వెంట చర్చికి పోయి, అక్కడి కీబోర్డు మీద చేతులు పెట్టినప్పుడు ఎర్రిస్వామి వెతికింది ఆ గొంతునే. చక్రం మీద దొరికిందన్నాడు.

చర్చి పాట నడుస్తుండగా అందులోకి ఆ జారుడు తెచ్చేవాడు. కింద నన్ను పీర్ల పండుగ దెబ్బ వేయమనేవాడు, పాస్టరుగారి చెవిన పడనంత మెత్తగా. భజనకు పోతే చర్చి పాటల్లో రెండు మూడు కలిపి నొక్కే నిండు స్వరాలు తెచ్చి తత్వం కింద పరిచేవాడు. పెళ్లిలో జనం భోజనాలు చేస్తుంటే, ఇవన్నీ కలిపి తాను కట్టిన పాట వాయించేవాడు. దానికి మాటల్లేవు. హగరి అని వాగు పేరు పెట్టాడు. ఇసుకలో నడిచినట్టుంటుంది, అడుగు వేసిన చోట నిలవదు.

ఒకసారి బెంగళూరు నుంచి వచ్చిన పెళ్లివారి చుట్టం ఎంగిలి చేత్తోనే వేదిక దగ్గరికి వచ్చి "ఇది జాజ్ అండీ" అన్నాడు. మాలో ఎవరికీ ఆ మాట తెలియదు, జాజి అని విన్నాం. ఆ రోజు నుంచి అతను జాజిస్వామి. పువ్వు పేరు పెట్టామని మొదట సిగ్గుపడ్డాడు. ఫోనులో ఆ జాజ్ ఏమిటో విన్నాక మాత్రం మిల్లులో ఈల వేసుకుంటూ తిరిగాడు. "నా మాదిరోళ్లు ఉండారప్పా లోకంలో" అన్నాడు నాతో.

పోయిన ఎండాకాలం దేవనకొండ వైపు ఒక పెళ్లిలో వాయించి వస్తుంటే ఆటో గుంతలో పడింది, కీబోర్డు రోడ్డు మీద పడింది. మెట్లన్నీ బాగానే ఉన్నాయి. చక్రం చెడిపోయింది. ముట్టుకోకపోయినా స్వరం వణికేది. ఆదోని మెకానిక్కు విప్పి చూసి, ఆ సామాను ఇప్పుడు రాదన్నాడు. చక్రాన్ని పనిచేయకుండా కట్టేసి మూత బిగించాడు. స్వరం కుదురుగా నిలబడింది, ఇక వంగదు.

కొట్టు బయట "కొత్తది చూద్దామన్నా" అన్నాను.

"ఇప్పుడొద్దు. ఎవరికీ సెప్పొద్దు దస్తగిరీ. ఇట్లనే వాయిస్తా పోతా. ఒక్కరన్నా, 'ఏమైందప్పా ఎర్రిస్వామీ, నీ పాట ఎట్లనో ఉండాదే' అని అడిగితే, ఎట్లన్నా చేసి కొత్తది తెస్తా."

"ఎవరూ అడగకపోతే?"

"అడగకపోతే ఇంక అది ఏంటికప్పా?"

నవ్వుతూనే అన్నాడు. మొదటి వారమే అడుగుతారని అతని ధీమా. నాదీ అదే.

ఆదివారం వచ్చింది. స్వరాలు కడిగి ఆరేసినంత శుభ్రంగా మోగాయి. ఆరాధన అయ్యాక అందరూ వందనాలు చెప్పుకుని చెప్పులు వేసుకుని పోయారు. ఇంటి దగ్గర హెప్సిబా మా ఇద్దరికీ అన్నం వడ్డిస్తూ, "ఈ వారం పాట బాగా అందింది, ఎవరికీ గొంతు తడబడలే" అంది. అతను ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. పాడేవాళ్లకు పాట అందితే చాలు, ఆమె తప్పేమీ లేదు. అయినా ఆ పూట నాకు ఒళ్లు మండింది.

పెళ్లిళ్లలో హగరి పాట వాయించాడు. వాగు పోయి సిమెంటు కాలువ మిగిలింది. జనం పప్పు అడిగారు, పెరుగు అడిగారు. మమ్మల్ని పెళ్లిళ్లకు పిలిచే ఆర్కెస్ట్రా ఓనరు వచ్చి "సౌండు క్లియర్‌గా ఉందన్నా" అని మెచ్చుకున్నాడు. చెవులున్నది దేనికో ఈ మనుషులకు, కమ్మలు పెట్టుకోడానికేమో!

"ఉచ్చీరప్ప తాత ఉండాడు గదా" అన్నాడు ఎర్రిస్వామి. "ఆయన పట్టుకుంటాడు సూడు."

శనివారం హొళగుంద పోయాం. ఉచ్చీరప్పకు పళ్లు లేవు గానీ గొంతు ఉంది. తత్వం ఎత్తుకున్నాడు. ఆయన గొంతు జారుతూ పోతుంటే ఎర్రిస్వామి పక్కన నేరుగా మెట్లెక్కి దిగుతున్నాడు. వినలేక తల వంచుకున్నాను. ఇప్పుడు ఆపుతాడు, ఇప్పుడు తిరిగి చూస్తాడు అనుకున్నాను. నేను ఒకచోట తాళం తప్పితే నా వైపు చూశాడు గానీ, మంగళహారతి దాకా ఆపలేదు.

హారతి అయ్యాక ఆయన ఎర్రిస్వామి వీపు మీద చేయి వేశాడు.

"ఈ పొద్దు శానా సక్కగా వాయించినావురా. ఇన్నేండ్లకి కుదిరినావు. ఇంతకుముందు నన్ను ఎక్కిరించినట్టు నా గొంతు ఎంటబడి లాగుతాంటివి. మనోడు గదా అని గమ్మునుంటి."

"అట్లనే తాతా" అన్నాడు ఎర్రిస్వామి. వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. అసలు సంగతి చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. అతను నా చేయి గట్టిగా పట్టుకున్నాడు.

ఆదోని బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. "తాతకు చెవులు పోయినాయిలే అన్నా" అన్నాను.

"లేదప్పా. ఇందాక నువ్వు తాళం తప్పితే ఎవరు పట్టుకునిరి?"

ఆయనే పట్టుకున్నాడు.

"ఆ గొంతులో జారుడు ఉండాదని నేనే అనుకుంటి. ఆయనకే తెలీదు." ఎర్రిస్వామి కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు కారుతున్నాయని అతనికి తెలిసినట్టు కూడా లేదు.

"కొత్తది తెద్దామన్నా. నాకు కావాలది. నేను అడుగుతాండాను గదా!" అని అరిచాను. బస్సుకు నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు.

అతను నా భుజం తట్టాడు.

"నీకు ముందే తెలుసు గదప్పా. తెలిసినోడు అడిగితే అది అడిగినట్టు గాదు."