హీట్‌సింకుల పోటీలో తడిసిన తడిక

సారపాక ఎండలకు మా కోడలు సుజాత పెళ్లికార్డులు టైపు చేసే కంప్యూటరు వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోంది. రిపేరు చేసే యాకూబ్ ఈ రోజు రెండు హీట్‌సింకులు తెచ్చి, ప్రాసెసర్‌ను ఏది బాగా చల్లబరిస్తే అది ఉంచుకోమన్నాడు. ఒకటి చప్పుడు చేయని పెద్ద అల్యూమినియం దిమ్మ, రెండోది గుయ్యిమనే ఫ్యానున్న చిన్నది. నేను దిమ్మ వైపు, మా ఆయన ఫ్యాను వైపు. ఓడినవాళ్ళు ఎండాకాలమంతా సాయంత్రం టీ పెట్టాలి. పెళ్లయ్యాక ఆయన పొయ్యి వెలిగించింది లేదు కనుక నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

దిమ్మ పెడితే కంప్యూటరు అరగంటలో ఆగింది. ఫ్యానుది పెడితే సాయంత్రం దాకా నడిచింది. ఓటమి ఒప్పుకుని లేచేసరికి కాలికి తడి తగిలింది. గది చల్లబడడానికి తడిపేందుకు కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక నుంచి నీళ్ళు కారుతున్నాయి. నా దిమ్మ ఉన్నంతసేపూ అది ఎండి కరకరలాడుతూనే ఉంది!

"సుజాతా, తడిక ఎవరు తడిపిండ్రు?"

"మామయ్యే. మీరు వంటింట్లకు పోయినప్పుడు. చెప్పొద్దన్నరు అత్తమ్మా."

"నువ్వు గూడ నోరు మూసుకొని కూసున్నవా?"

"ఏం జేయాలె? మామయ్య ఓడితే ఎండకాలమంత ఆయన పెట్టిన టీ తాగాల్నాయె!"

మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, "చక్కెర జర తక్కువెయ్యి" అన్నారు.

టీ పెట్టి ఇచ్చాను, ఏం చేస్తాను. ప్రాసెసర్ సంగతి తేలింది. మొగుడూ కోడలూ ఒక్కటై మండించిన నా తలకు ఏ హీట్‌సింకు సరిపోతుందో, తెలిసినవాళ్ళు చెప్పండి.