యాంప్లిఫయర్ లేని ఇంటర్‌కమ్

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

ఫార్మింగ్టన్ హిల్స్ అనే అమెరికన్ ఊళ్లో కార్ల వైరింగ్ పరీక్షించడం నా ఉద్యోగం. శనివారాలు ఒక చిన్న విమానాల మ్యూజియంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్‌కి వైర్లు బాగుచేస్తాను.

"ఏందిరా, వారమంతా వైర్లే, వీకెండ్ కూడా వైర్లేనా?" అని రూమ్మేట్ ఎగతాళి చేసేవాడు.

అక్కడికి వాల్టర్ గారు వచ్చేవారు. తొంభై తొమ్మిదేళ్లు. అలాంటి విమానంలోనే తోకలో తుపాకి దగ్గర కూర్చునే గన్నర్‌గా పనిచేశారు. చెప్పినన్ని మిషన్లు, అంటే బాంబు దాడులు, పూర్తిచేస్తే యుద్ధంలో వాళ్ల వంతు ముగిసి ఇంటికి పంపేవారు. ఆయన జట్టుకి ఒక్కటే మిగిలింది. దానికి బయల్దేరే తెల్లవారుజామున డాక్టర్ ఆయన్ని ఆపేశాడు. సంగతి చెప్పేలోపే జట్టు బయల్దేరింది, తిరిగి రాలేదు. ఆయన ఆఖరి మిషన్ కొత్తవాళ్లతో ముగించారు.

"భయపడి తప్పించుకున్నాననుకునే పోయుంటారు," అన్నారొకసారి. ఎనభై ఏళ్లుగా ఆయన్ని తినేస్తున్నది అదే.

పైన గాలి పల్చన. అందుకని కొద్ది నిమిషాలకోసారి ఒకరు ఇంటర్‌కమ్‌లో ముక్కు నుంచి తోక దాకా అందర్నీ పిలిచేవారట. బదులు రాలేదంటే ఆక్సిజన్ అందక స్పృహ తప్పినట్టే.

"ఒక్కసారి అలా పిలువు బాబూ," అన్నారు ఒక ఉదయం.

"ఇంటర్‌కమ్ పనిచేయదు సర్."

"నేనూ సరిగా పనిచేయడం లేదులే. పిలువు."

తోక భాగం ఇంకా బిగించలేదు, విడిగా నేల మీదే ఉంది. ఆయన్ని అందులో కూర్చోబెట్టి, ఒక హెడ్‌ఫోన్ ఇచ్చి, నేను ముందు భాగంలో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆయన చెప్పిన వరుసలో పిలిచాను. చివరికి 'తోక' అని పిలవబోయేంతలో నా చెవుల్లో ఒక కుర్ర గొంతు, ఇంగ్లిష్‌లో, తీరిగ్గా పలికింది:

"తోకా? వాలీ, చెవి పోటు తగ్గిందా?"

తర్వాత వాల్టర్ గారి గొంతు, అదే హెడ్‌ఫోన్‌లో: "తగ్గింది రా. మీతో రాలేకపోయాను."

"డాక్టర్ చెప్పాడులే. చలిలో తిరక్కు, మొద్దూ."

పరుగెత్తుకెళ్లాను. ఆయన ఏడుస్తూ నవ్వుతున్నారు. అప్పట్లో డాక్టర్ తనని ఆపింది చెవి ఇన్ఫెక్షన్ వల్లనని, వాలీ అని పిలిచింది ఆ జట్టొక్కటేనని అప్పుడే నాకు చెప్పారు.

ఇంటర్‌కమ్‌లో గొంతుని పెంచి పంపే యాంప్లిఫయర్ నా బల్ల మీద విప్పి ఉంది. విమానంలో బ్యాటరీ లేదు. దేనికీ కలపని తోక వైర్ల కొసలకి నేను చుట్టిన టేప్ అలాగే ఉంది. మూడుసార్లు చూశాను.

ఆయన మళ్లీ ఎప్పుడూ భయం మాట ఎత్తలేదు. నా పని పుస్తకంలో ఆ తేదీ కింద ఇంటర్‌కమ్ పలికిందని రాసి అన్ని గడులూ నింపాను, కారణం గడి తప్ప. అది ఇంకా ఖాళీగానే ఉంది.