మావారి కుడిచెయ్యి తిరిగొచ్చిన కాలం

పోయిన నెల మా చెల్లెల్ని వెంటబెట్టుకొని హబ్సిగూడలో కొత్తగా తెరిచిన ఒక వైద్యశాలకు వెళ్ళాను. ఉగాదికి ముందు పక్షవాతం వచ్చి ఆమె ఎడమచెయ్యి పట్టు తప్పింది. అక్కడ చల్లటి హాలులో వరుసగా మిషన్లు, ఒక్కోదానికి ఒక్కో తెర. చెల్లెలి చేతికి తీగలున్న తొడుగొకటి తొడిగి, ఆమె వేళ్ళు ముడిస్తే తెర మీద పిట్ట ఎగిరే ఏర్పాటు చేశారు. ఆమె ఆ పిట్టతో తంటాలు పడుతుంటే పక్కన కూర్చున్న నాకు నాచారం చౌరస్తాలో ఇనుప సామాన్ల దుకాణం మీది ఒక రేకుల గది కళ్ళముందు నిలిచింది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరుగాని, నా ఈడువాళ్ళకు ఆ నాచారం ఎరుకే: కార్ఖానాల సైరను కూసిందంటే సైకిళ్ళు రోడ్డు నిండా పొంగివచ్చేవి, గాలిలో ఎప్పుడూ ఏదో ఒక మందు వాసనో, కాలిన నూనె వాసనో ఉండేది.

మావారు అక్కడే ఒక కార్ఖానాలో ఇనుప కడ్డీలు చెక్కే లేత్ మిషను మీద పనిచేసేవారు. నేను ఉప్పల్‌లో సర్కారు బడి పంతులమ్మను. భువనగిరి దిక్కు నుంచి ఇద్దరం కొత్తగా వచ్చి, ఉప్పల్‌లో ఒక వాకిలి చుట్టూ నాలుగు కాపురాలుండే ఇంట్లో దిగి, ఇరవై ఏళ్ళు అక్కడే గడిపేశాము. మా అత్తమ్మ కూడా మాతోనే ఉండేది. మావారి చేతి గురించి ఆయన దోస్తులు వింతగా చెప్పుకునేవారు. చెక్కిన కడ్డీని మిషను ఆపి వేలికొసతో ఒక్కసారి తడిమి, ఇంకా వెంట్రుకవాసి తియ్యాలనేవారట. తర్వాత కొలిచి చూస్తే అంతే తేలేదట. నాకు ఆ లెక్కలు తెలియవుగాని, ఇంట్లో ఏ వస్తువునైనా ఆయన పట్టుకునే తీరులో ఒక మర్యాద ఉండేదని మాత్రం గమనించాను.

ఒక వానాకాలం చివర, ఆదివారం పొద్దున, గడప మీద కూర్చొని చాయ్ తాగుతున్న ఆయన చేతిలోంచి గ్లాసు జారి పగిలింది. జారిన సంగతి ఆయనకు తెలియనే లేదు. కింద పారుతున్న చాయ్ చూసి, ఖాళీ చెయ్యి చూసుకొని, "గిదెట్ల పడ్డదే?" అని నన్నే అడిగారు. ఆ మాట కూడా నాలుక మడతపడి వచ్చింది. ఆటోలో వేసుకొని దవాఖానాకు పరుగెత్తాము. రెండు వారాలకు ప్రాణభయం తీరింది, మాట సర్దుకుంది, ఈడుస్తూనైనా కాలు కదిలింది. కుడిచెయ్యి మాత్రం భుజం నుంచి తడిగుడ్డలా వేలాడిపోయింది. ఒకసారి వేడి గిన్నెకు ఆనుకొని మణికట్టు బొబ్బలెక్కుతున్నా ఆయన నాతో ముచ్చట పెడుతూనే ఉన్నారు. నేను చూసి కెవ్వుమంటే తప్ప ఆయనకు తెలియలేదు.

అప్పటికి ఆయనకు యాభై నిండలేదు. ఎవరైనా చూడవస్తే ఆ చేతి మీద తువ్వాల కప్పేసేవారు. కార్ఖానా దోస్తులు వచ్చారంటే వెనక అర్రలోకి పోయి గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒకనాడు నేను ఆ చేతికి నూనె రాస్తుంటే, "ఇడిసిపెట్టు, అది నాది గాదు" అన్నారు. ఆ మాట అన్న తీరుకు నాకు ఆ రోజు బడిలో పాఠం నోటికి రాలేదు.

మా బడిలో తోటి పంతులమ్మ చెప్పగా నాచారంలోని ఆ రేకుల గదికి తీసుకెళ్ళాను. అక్కడ ఉన్నది చచ్చుబడిన కాళ్ళూచేతులకు కసరత్తు చేయించే, పాతికేళ్ళు కూడా నిండని ఒక ఫిజియో అమ్మాయి. వరంగల్ అవతలి పల్లె నుంచి వచ్చి చదువుకొని, హబ్సిగూడలో హాస్టలులో ఉంటూ కొలువు చేసుకుంటోంది. తువ్వాల తీసి మావారి చేతిని ఆమె అందుకున్న తీరు చూడాలి. ఆయన తన పనిలో కడ్డీని ఎంత జాగ్రత్తగా అందుకునేవారో అంత జాగ్రత్తగా అందుకుంది. ఆయన కూడా అది గమనించారేమో, ఆ రోజు తువ్వాల మళ్ళీ కప్పుకోలేదు.

ఆమె చేయించిన వాటిలో నన్ను మొదట విస్తుపోయేలా చేసింది అద్దం. బల్ల మీద అద్దాన్ని నిలువుగా పెట్టి, కుడిచేతిని దాని వెనక దాచి, ఎడమచేతిని ముందు పెట్టించేది. అద్దంలోకి చూస్తే ఎడమచేతి నీడే కుడిచెయ్యిలా కనబడుతుంది. రెండు చేతులూ ఒక్కతీరుగా కదులుతున్నాయనుకొని చూస్తూ ఉండమనేది. మొదటిసారి అద్దంలో తన కుడి పిడికిలి తెరుచుకోవడం చూసి మావారు కొయ్యబారిపోయారు. అది ఉత్త నీడేనని పిల్లలకు పాఠాలు చెప్పే నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా నేను బల్ల దగ్గరికి జరిగాను, ఆయన పిడికిలి మళ్ళీ మూసి తెరిచారు.

అవి రాష్ట్రం కోసం బందులు జోరుగా నడుస్తున్న రోజులు. ఒక రోజు బస్సులు లేవు, ఆటోలు లేవు, ఇక ఈ రోజు వైద్యం లేనట్టేనని మేము అనుకుంటుండగా ఆ అమ్మాయి హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా ఎండలో నడిచి మా వాకిట్లోకి వచ్చింది. నీళ్ళు తాగి, గోడ మీది మా అద్దాన్నే దింపించి, అరుగు మీద పని మొదలుపెట్టింది. మావారు నొచ్చుకొని, నా మెదడులో ఈ చేతిని ఆడించే భాగం చచ్చిపోయిందని పెద్ద డాక్టరు చెప్పిండు, నీకెందుకు బిడ్డా ఇంత కష్టం అన్నారు. ఆమె నవ్వి, "మెయిన్ రోడ్డు బందైతే నేను గల్లీలకెళ్ళి రాలేదా అంకుల్? మీ మెదడు గూడ గల్లీ ఎతుక్కుంటది. రోజు నడిస్తేనే గల్లీ రోడ్డయితది" అంది. పుస్తకాల్లో ఎన్ని చదివానోగాని, తల లోపల ఒక ఊరు ఉన్నట్టు, దానిలో ఎవరో చీకట్లో దారి వెతుకుతున్నట్టు నాకు ఆ పూటే మొదటిసారి అనిపించింది.

ఆ బందు రోజే అది జరిగింది. మావారు అద్దంలోకే చూస్తున్నారు. అద్దం వెనక, ఆయనకు కనబడని చోట, అసలు కుడిచేతి బొటనవేలు గోరంత లేచి పడింది. చూసింది నేనూ ఆ అమ్మాయీ. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. తర్వాత అద్దాన్ని మెల్లగా పక్కకు తీసి, ఇంకోసారి అంకుల్ అంది. ఆయన తన చేతిని తానే చూస్తుండగా ఆ వేలు మళ్ళీ లేచింది. వాకిట్లో బట్టలు ఆరేస్తున్నవాళ్ళు, కూరగాయలు తరుగుతున్నవాళ్ళు అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. కన్నబిడ్డలు తొలి అడుగు వేసినప్పుడు కూడా నేను అంత నిశ్శబ్దం చూడలేదు.

మణికట్టు, వేళ్ళు కొద్దికొద్దిగా విచ్చుకోసాగాక అసలు పరీక్ష మొదలైంది. బాగున్న ఎడమచేతికి పాత తువ్వాలతో సంచి కుట్టి తొడగమంది ఆ అమ్మాయి. రోజుకు కొన్ని గంటలు ఏ పనైనా కుడిచేతితోనే చెయ్యాలి, ఇంట్లో ఎవరూ సాయం పట్టకూడదు. చెయ్యడం ఆయనకు కష్టమైతే చెయ్యకుండా చూస్తూ కూర్చోవడం నాకు కష్టం. మొదటి మధ్యాహ్నం కంచంలో అన్నం కలపడానికే చాలాసేపు పట్టింది. ముద్ద నోటిదాకా రాకముందే ఒళ్ళో పడేది. మా అత్తమ్మ కాసేపు చూసి తట్టుకోలేక లేచింది.

"ఏం ఆడిదానివే నువ్వు! మొగడు మెతుకు మెతుక్కు అరిగోసపడుతుంటే బొమ్మలెక్క సూస్తున్నవ్. నీకు కడుపు కాలుతలేదా?" అంటూ కంచం లాగి తాను ముద్ద కలపబోయింది.

మావారు సంచి తొడిగిన చేతితోనే కంచాన్ని అదిమిపట్టుకున్నారు. "అమ్మా, దాన్నేం అనకు. కాలుతున్నందుకే కూసున్నది. నన్ను తిననియ్యి" అన్నారు.

నాకు దుఃఖం ఆగలేదుగాని లేవలేదు. చారు చల్లారిపోయింది, అన్నం ఎండిపోయింది. చివరికి ఒక్క ముద్ద, సరిగ్గా నోట్లోకే పోయింది. అత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని మూలకు తిరిగింది. ఆ మర్నాటి నుంచి మాత్రం ఆమే కావలి. పక్కింటివాళ్ళు పాపమని నీళ్ళ గ్లాసు అందించబోయినా కసిరేది.

ఏడాది తిరగకముందే మావారు అంగీ బొత్తాలు పెట్టుకున్నారు, తాళం తిప్పారు. కార్ఖానాలో మళ్ళీ మిషను మీద నిలబెట్టలేదుగాని, తయారైన సరుకును తనిఖీ చేసే పని ఇచ్చారు. తనిఖీ అంతా కళ్ళతోనే, కొలిచే పనిముట్టుతోనే. వేలికొసకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. పట్టుకుంటున్ననుగాని ఏం పట్టుకున్ననో ఎరుకైతలేదు బిడ్డా అని ఆయన ఆ అమ్మాయితో అంటుండేవారు. దానికి ఆమె ఒక డబ్బాలో బియ్యం పోయించి, తాళంచెవి, శనగగింజ, సీసామూత వంటివి అందులో దాచి, కళ్ళు మూసుకొని వేళ్ళతో వెతికి పేరు చెప్పమనేది. స్పర్శ చాలా ఆలస్యంగా వస్తుందని, రాకపోనూవచ్చునని, డబ్బాను మాత్రం విడువవద్దని చెప్పింది. అలా చెప్పిన కొద్ది రోజులకే ఆమెకు పెళ్ళి కుదిరి, బొంబాయి దిక్కు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, మావారు బొత్తాం పెట్టుకోవడం ఇంకొకసారి చూసి, బొంబాయి పోయాక తన సెల్ నంబరు మారుతుందని, హాస్టలువాళ్ళను అడిగితే చెబుతారని, హాస్టలు ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చింది.

ఆయన డబ్బాను విడువలేదు. సంవత్సరాల తరబడి, పండగ లేదు పబ్బం లేదు, రోజూ అన్నం తిన్నాక కళ్ళు మూసుకొని బియ్యంలో వెతికేవారు. తాళంచెవిని శనగగింజ అనేవారు, మూతను ఏమీ లేదనేవారు. నేను ఆశ వదులుకున్నానని ఆయనకు చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడు, తొలివానలు పడుతున్న ఒక సాయంత్రం, నేను బియ్యం కడుగుతుంటే ఆయన కుర్చీలోంచి లేవడానికి చెయ్యి అందించమన్నారు. తడిచెయ్యి అట్లాగే ఇచ్చాను. "ఏమే, నీ చెయ్యి గింత సల్లగున్నదేంది?" అన్నారు. నీళ్ళలో ఉంటి గదా అని జవాబు చెబుతూ, సగం మాటలో ఆగిపోయాను. ఆయన పట్టుకున్నది కుడిచేతితో. ఆయనా చూసుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకొని, నా వేళ్ళను ఒక్కొక్కటే తడుముతూ పోయి, చూపుడువేలి దగ్గర ఆగి, "ఈడ కోసుకున్నవా?" అని అడిగారు. ముందురోజు కత్తిపీటకు తెగిన గాటు అది, సన్నటి గీత. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ సందులు తిరిగి, ఇన్నేళ్ళు నడిచి వచ్చిందో ఆ స్పర్శ! దేవుడనాలో, మెదడనాలో, ఈయన మొండితనమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన మొదట అన్నది, ఆ పిల్లకు చెప్పాలె అని. హాస్టలు నంబరు మోగి మోగి ఆగిపోయింది. మర్నాడు ఇద్దరం నాచారం వెళ్ళాము. ఇనుప దుకాణం మీది గది సెల్‌ఫోన్ల గోదాము అయింది. అడిగితే అక్కడివాళ్ళకు ఎవరూ తెలియరు. హబ్సిగూడలో హాస్టలు ఉన్నచోట కోచింగు సెంటరు వచ్చింది. మావారి కార్ఖానా కూడా తర్వాత మూతపడి, ఇప్పుడు ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి.

ఈ రోజుల్లో అయితే కూరగాయలమ్మే మనిషి నంబరు కూడా ఫొటోతో సహా నా ఫోనులో ఉంటుంది, ఒక్కసారి చూసిన మనిషిని జీవితాంతం పోగొట్టుకోము. అప్పట్లో ఎండన పడి నడిచొచ్చి చెయ్యిని ఇచ్చిపోయిన మనిషిని కూడా అమ్మాయీ అని పిలిచి, భోజనం పెట్టి, వాకిలి దాకా సాగనంపి ఊరుకున్నాము. ఇప్పుడామెకు నలభై దాటి ఉంటాయి. ఎక్కడో ఎవరి చేతినో అట్లాగే జాగ్రత్తగా అందుకుంటూ ఉంటుంది. ఆమె లెక్కలో మావారిది ఇప్పటికీ సగమే వచ్చిన చెయ్యి. మిగతా సగం కూడా వచ్చిందని చెప్పుకుందామంటే, ఆమె ఇంటిపేరైనా మేము అడిగి ఉంచుకోలేదు.