ఆటో సారు

సారు పోయిన సంగతి నాకు మొయినాబాద్ దగ్గరి మా ఊరు హిమాయత్‌నగర్ ఆటో అడ్డా మీద తెలిసింది. బిడ్డను తీసుకుని పొద్దున్నే అక్కడికి పోయేసరికి, ఎప్పుడూ పాటలు పెట్టి చెవులు హోరెత్తించే డ్రైవరు ఆ రోజు ఆటో బంద్ చేసి బయట నిలబడి ఉన్నాడు. "సారు పోయిండ్రంట అక్కా" అన్నాడు. ఏ సారు అని అడగబోయి ఆగాను. ఆ అడ్డా మీద ఉట్టిగా సారు అంటే ఒక్కరే. చేవెళ్లలో వాళ్ళింట్లో తెల్లవారుజామున ఛాతీలో నొప్పి అన్నారట, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట. నేను ఆ మాటలు వింటుండగానే నా బిడ్డ ఎప్పటిలాగే ఆటో ఎక్కి కూర్చుంది. ఇవాళ సెంటరు లేదని నచ్చజెప్పి ఆమెను దించడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆయన ఉద్యోగం పూర్తి పేరు చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు తిరగదు. చేసే పని మాత్రం బాగా తెలుసు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలెవరో వెతకాలి. వాళ్ళలో ఎవరు ఊరి బడికి పోవాలి, ఎవరు మొయినాబాద్‌లోని సెంటరుకు రావాలి, ఎవరి ఇంటికి టీచరమ్మ వారానికోసారి పోవాలి, ఎవరికి చెవి మిషను కావాలి, ఇవన్నీ ఏడాదికోసారి ప్లాన్ వేసి పైఆఫీసుకు పంపాలి. పంపినట్టు జరుగుతోందా లేదా మళ్ళీ ఊరూరా తిరిగి చూసుకోవాలి. ఇంత తిరిగే మనిషికి బండి లేదు, నడపడం కూడా రాదు. ఎక్కడికైనా ఆటోలోనే. అందుకే మా వైపు తల్లులందరికీ ఆయన ఆటో సారు.

మెత్తటి మనిషేమీ కాదు. ఆలస్యంగా వచ్చిన తల్లిదండ్రులను మొహం మీదే కసురుకునేవారు. మా ఇళ్ళలో ఒక అలవాటు ఉంది, మీరూ చూసే ఉంటారు. ఆఫీసు మనిషి వస్తే ఇలాంటి పిల్లను లోపలి అర్రలో కూర్చోబెట్టి, వచ్చినాయనకు చాయ్ పెట్టి పంపించేస్తాం. ఈయన దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. "బిడ్డ యాడున్నది? బిడ్డ వచ్చినంకనే చాయ్ తాగుత" అని కూర్చునేవారు. చాయ్ మీద మీగడ కట్టినా ముట్టేవారు కాదు. బిడ్డ వచ్చాక భుజం మీది తువాలు తీసి, చాప కానీ గడప కానీ, ముందు ఆమె కూర్చునే చోటు దులిపి, ఆ తర్వాత తనది దులుపుకునేవారు. ఆటోలోనూ అంతే. తొక్కులాటలో కూడా తువాలు తీసి పక్కసీటు దులిపితే చూసేవాళ్ళు నవ్వేవాళ్ళు.

నా బిడ్డకు మాట ఆలస్యం, బుద్ధి నెమ్మది. పద్నాలుగేళ్ళు వచ్చినా ఆమె నోట వచ్చే మాటలు కొన్నే. నేను ఊళ్ళో బట్టలు కుడతాను, మా ఆయన టిప్పరు నడుపుతాడు. బిడ్డను పెంచిందంతా మా అత్తమ్మే. ఆమెను ఊరంతా అవ్వ అంటుంది, నేనూ అలాగే రాస్తాను. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు కదా, మా అవ్వకు తన మనవరాలి ముందు ఊళ్ళోని పిల్లలంతా దండుగే. బావి కాడనో పెళ్ళిలోనో ఎవరైనా "పాపం, ఏం రాదట గద" అంటే వాళ్ళతో కొట్లాడి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేది.

అలాంటి అవ్వ, వికలాంగుల సర్టిఫికెట్ కోసం చేవెళ్ల దవాఖానలో క్యాంపు పెట్టిన రోజు బిడ్డకు తలనిండా నూనె పెట్టి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, దసరా గౌను తొడిగింది. బస్సులో దారి పొడుగునా ఒకటి రెండు మూడు చెప్పించింది. డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ నాకంటే ముందే జవాబిచ్చింది.

"పాప సొంతంగా తింటదా?"

"తింటది సారూ. నాకు గూడ వడ్డిస్తది."

"బట్టలు వేసుకుంటదా?"

"అన్నీ ఆమెనే. నా చీర గూడ మడతవెడ్తది."

"డబ్బులు తెలుస్తయా?"

"మా కొడుకుకన్న మంచిగ తెలుస్తయి."

డాక్టరు కలం పక్కన పెట్టి మా వైపు చూశారు. అన్నీ వచ్చిన పిల్లకు సర్టిఫికెట్ ఎందుకు? అది లేకపోతే సెంటరులో చోటూ లేదు, బస్ పాసూ లేదు. వెనకాల నిలబడ్డ సారు, ఇప్పుడే వస్తామని చెప్పి అవ్వను బయటికి పిలుచుకుపోయారు.

"అవ్వా, మనం పెండ్లిచూపులకు రాలే" అన్నారు. "ఇయ్యాల బిడ్డకు ఏం రాదో గది చెప్పాలె."

"నా నోటితోని నా బిడ్డకు రాదని ఎట్ల జెప్పాలె సారూ?" అని అవ్వ అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

సారు ఆమెను ఏడవనిచ్చారు. తర్వాత అన్నారు: "ఈడ ఒక్కసారి చెప్పు. బయట ఎవలన్న రాదంటే, కొట్లాడెతందుకు నీ ఎంట నేను గూడ వస్త."

అవ్వ లోపలికి పోయి తల వంచుకుని అన్నీ చెప్పింది. అన్నం తినేటప్పుడు సగం కింద పోస్తుందని, గుండీలు పెట్టుకోలేదని, ఐదు రూపాయలకూ ఐదు వందలకూ తేడా తెలియదని. నేను పక్కన కూర్చుని విన్నాను. అన్నీ నాకు తెలిసినవే, ఆమె నోట వినడం మాత్రం అదే మొదటిసారి. సర్టిఫికెట్ వచ్చింది. తిరుగు బస్సు ఎక్కేటప్పుడు కూడా అవ్వ సారు మొహం చూడలేదు.

జూన్‌లో బడులు తెరిచినప్పుడు సెంటరులో ఒక్కొక్క తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఆ ఏడాది ప్లాన్ రాసేవారు. "ఏడాదిల మీ బిడ్డ ఏం నేర్వాలె?" అని నన్నడిగారు. మామూలు పిల్లల లెక్క కావాలి అన్నాను. "గది శాన పెద్దది తల్లీ, నా ప్లాన్ల పట్టది. జర చిన్నది చెప్పు" అన్నారు. నాకు ఏమీ తోచలేదు. అవ్వకు మాత్రం తోచింది. తనకు మోకాళ్ళ నొప్పులు, రోజూ సెంటరుకు తీసుకురాలేనని, బిడ్డ పేరు ఇంటికొచ్చి చెప్పే లిస్టులో రాయమని అడిగింది.

"ఆ లిస్టు మంచంల ఉన్న పిల్లలది అవ్వా. నీ మనవరాలు దూకుతున్నది. ఇంట్ల కూసోవెడితే ఉన్న తొవ్వ గూడ మర్శిపోతది. ఆమెనే ఆటోల వస్తది."

"ఒక్కతా? దానికేం ఎరుక సారూ? ఏం రాదు దానికి."

సారు కలం మూత పెట్టారు. "డాక్టరు ముంగట అన్నీ వస్తయంటివి. ఆటో ముంగట ఏం రాదంటున్నవ్. ఏదన్న ఒక్కటి చెప్పు, గదే రాసుకుంట."

అవ్వకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను మాత్రం నవ్వాను. ఆ ఏడాది ప్లాన్‌లో నా బిడ్డ పేరు ఎదురుగా ఒక్క వాక్యమే పడింది: హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్ సెంటరుకు షేర్ ఆటోలో సొంతంగా రావాలి. చదివి నాకు భయం వేసింది. నా తర్వాత ఈమె ఎట్లా అని రాత్రింబవళ్ళు నన్ను తినే ప్రశ్నకు ఎవరో ఒక చిన్న జవాబు రాసినట్టు కూడా అనిపించింది.

"బిడ్డకు నేర్పేది సగం, ఊరికి నేర్పేది సగం" అనేవారు సారు. అందుకని మొదట ఆటో అడ్డాకు పోయి డ్రైవర్లకు చాయ్ తాగించి పాఠం చెప్పారు. ఈ బిడ్డ సెంటర్ అని చెప్తే అది మొయినాబాద్ సెంటరే, గట్టిగా అరవొద్దు, చెయ్యి పట్టి గుంజొద్దు, తానే దిగేదాకా ఆగాలి. తర్వాత అవ్వకు పాఠం. కొన్నాళ్ళు పక్కన కూర్చో, కొన్నాళ్ళు ముందు డ్రైవరు పక్కన కూర్చో, ఆ తర్వాత ఎక్కించి ఇంటికి పో. ఆ చివరిది మాత్రం అవ్వ నేర్వలేదు. మనవరాలిని ఎక్కించి, వెనకాల వచ్చే ఆటో ఎక్కేది. అడిగితే చిల్కూరు గుడికి పోతున్నా అనేది. "నీ అంత భక్తురాలిని నేను సూడలే అవ్వా" అని సారు ఎగతాళి చేసేవారు.

ఏడాది చివర బిడ్డను పరీక్షించడానికి సారు తలకు తువాలు చుట్టుకుని, ఎవరో రైతులాగా ఆటో మూలన కూర్చున్నారు. అవ్వా నేనూ వెనక ఆటోలో. తర్వాత డ్రైవరు కడుపుబ్బ నవ్వుతూ చెప్పాడు: నా బిడ్డ ఎక్కగానే "సారు" అని చప్పట్లు కొట్టి, తన పక్కసీటు చున్నీతో దులిపి, వచ్చి కూర్చోమని అరచేత్తో తట్టిందట. ఆయన దొంగవేషం అక్కడే బయటపడింది. అయినా పట్టు వదలకుండా, ఆమె ఏం చేస్తుందో చూద్దామని సగం దారిలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ గేటు దగ్గర దిగారు. ఆయన వెంబడే నా బిడ్డా దిగింది. మేము చేరేసరికి సారు నడుము మీద చేతులు పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు.

"నేను దిగితే నువ్వెందుకు దిగినవ్ బిడ్డా?"

"సారు" అంది ఆమె, అంతకంటే కారణం ఏం కావాలన్నట్టు. ఆయన ఆమెకు ఉప్పుకారం చల్లిన జామకాయ కొనిచ్చారు.

పైనుంచి ఎవరో ఫోను చేసి, చాలామటుకు నేర్చుకుంది కదా, అయిందని రాసేయండి అన్నారట. గోరంతను కొండంత చేసి రాయడం ఆయనకు చేతకాదు. "సగం తొవ్వల దిగినోళ్ళు ఊరు చేరినట్టా సార్?" అని అడిగి, ఇంకా కాలేదు అని రాశారు. నా మొహం చిన్నబోవడం చూసి, "ఫికర్ జేయకు తల్లీ. కాలేదని రాయలే గద, ఇంకా కాలేదని రాసిన" అన్నారు. ఈ ఏడాది ప్లాన్‌లోనూ అదే వాక్యం మళ్ళీ రాశారు. అది అలా ఉండగానే ఆయన పోయారు.

ఆ రోజు హిమాయత్‌నగర్ ఆటోలు కిరాయి తీసుకోకుండా మమ్మల్ని చేవెళ్ల తీసుకుపోయాయి. వాళ్ళింటి ముందు టెంటు కింద ఎటు చూసినా తల్లులే, ఒళ్ళో పిల్లలే. ఎవరూ ఎవరినీ లోపల దాచి రాలేదు. సారు భార్య నా బిడ్డను చూసి, "జామకాయ పిల్ల ఈమెనేనా?" అని దగ్గరికి తీసుకుంది. ఇంట్లో మా గురించి చెప్పుకునేవారన్నమాట. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అవ్వ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, పక్కన ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "దవాఖాన్ల నీ మాట విన్న సారూ. ఆటో కాడ వినకపోతి."

దినాలు అయ్యాక సెంటరు మళ్ళీ తెరిచారు. పొద్దున అవ్వే జడలు వేసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టి, అడ్డా దాకా వచ్చింది. ఆటో దగ్గరికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇయ్యాల మనం పోవద్దు. పోనియ్యి" అంది.

బిడ్డ ఎక్కింది. చున్నీ కొసతో పక్కసీటు దులిపి, "సారు" అని దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. కాలేజీ పిల్లవాడొకడు వచ్చి అక్కడ కూర్చోబోతే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"జర ముందల కూసో తమ్మీ. ఆ సీటుకు మనిషున్నడు."

ఆటో మలుపు తిరిగేదాకా అవ్వ అటే చూసింది. చిల్కూరు పేరు ఎత్తలేదు. మేమిద్దరం అడ్డా బెంచీ మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకున్నాం. చాలాసేపటికి అది మోగింది.

"అక్కా, దిగింది" అన్నాడు డ్రైవరు. "కాలేజీ గేటు కాడ అందరు దిగిండ్రు, ఆమె కదల్లే. మొయినాబాద్ రాంగనే నేను ఆపకముందే సెంటర్ అన్నది."

అవ్వ ఫోను నా చేతిలోంచి తీసుకుంది. "మంచిగ దిగిందా కొడుకా?"

"మంచిగనే దిగింది అవ్వా. దిగినంక మల్ల లోపటికి వంగి, ఆ పక్కసీటు ఇంకోసారి దులిపి పోయింది."