సమాధుల తోటలో చోటు

యూనివర్సిటీలో క్రైస్తవ, ముస్లిం సంబంధాల మీద పరిశోధన చేస్తానన్నప్పుడు మా గైడు ఆశ్చర్యపోయారు. అరకులోయ గిరిజన అమ్మాయివి, నీకు ఈ విషయం ఎందుకని అడిగారు. అప్పుడు మా నాన్న గురించీ, సాయిబు మావ గురించీ చెప్పాను.

నాన్న మా ఊరి చిన్న చర్చికి పాస్టరు. ఆదివారం తప్ప మిగతా రోజులు కాఫీ తోటలో పని. మావ విజయనగరం నుంచి దుప్పట్లు, చీరలు తెచ్చి మా సంతలో అమ్మేవాడు. భార్య పోయాక మా వీధిలోనే ఒక గది తీసుకుని ఉండిపోయాడు. సంత శుక్రవారం. నమాజు వేళకి సరుకు మీద గుడ్డ కప్పి మా చర్చి వరండాలోకి వచ్చేవాడు. ఆయన నమాజులో ఉన్నంతసేపూ కోళ్లను అదిలించడానికైనా నాన్న మమ్మల్ని గొంతెత్తనిచ్చేవాడు కాదు. తర్వాత ఇద్దరూ మా ఇంట్లో అంబలి తాగుతూ వాదనకి దిగేవారు.

"మరియమ్మ తల్లంటే మాకూ గౌరవమే పాస్టరుగారూ," అనేవాడు మావ.

"మరి ఆవిడ కొడుకుని దేవుడనమంటే ఆగిపోతావేటి బాయీ?"

"నేనాగలేదు. మీరే ముందుకెళిపోనారు."

"మీ తగువు తెగదు గానీ, అంబలి సల్లారిపోతంది," అని అమ్మ నవ్వేది.

నా థీసిస్ మొదటి అధ్యాయం ఆ వరండా గురించే రాశాను.

ఒక వానాకాలం సెలవులకి ఇంటికొచ్చేసరికి మావ మంచం మీద ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. నాన్న చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు. "నన్ను కొండ కిందకి పంపీకండి పాస్టరుగారూ. మీ సమాధుల తోటలో ఓ మూల సాలు. కిందన నన్నెరిగినోళ్లు ఎవులున్నారు?"

నాన్న సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే మావ పోయాడు. నాన్న సంఘ పెద్దలను చర్చిలోకి పిలిచాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పెద్దలందరూ మావని ఎరిగినవాళ్లే, చాలామంది పిల్లల పెళ్లిళ్లకి ఆయన దుప్పట్లే కొన్నారు. అందరిలోకీ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూనే మాట్లాడాడు.

"ఇష్టం లేక కాదయ్యా. సర్చికెళ్తే గిరిజనులు కారని ఇప్పటికే మన మీద గొడవెడతన్నారు. కొండ మీద సాయిబుల గోరీ లేసిందని రేపెవుడో ఫోటో తీసి ఫోన్లలో పెడితే ఏటి సేత్తాం? మన పిల్లల గిరిజన సర్టిఫికెట్లు, సదువులు ఏటవుతాయి?"

"నేను మాటిచ్చీసాను," అన్నాడు నాన్న.

"మాటిచ్చింది మీరు. తోట అందరిదీ."

ఎవరూ గొంతు పెంచలేదు. ద్వేషం ఉండి ఉంటే నాన్న పోట్లాడేవాడేమో. అక్కడున్నది భయం. అది ఒట్టి భయమని కొట్టిపారేయడానికి నాన్నకీ నోరు రాలేదు, నాకూ రాలేదు. కాదన్న ఆ చేతులే మావని ఎత్తి వ్యానులో పడుకోబెట్టాయి.

ఘాట్ రోడ్డంతా వాన. మలుపు వచ్చినప్పుడల్లా మావ జారిపోకుండా నాన్న రెండు చేతులతోనూ అదిమి పట్టుకున్నాడు. ఎదురుగా కూర్చున్న నేను ఆ చేతుల వంకే చూస్తూ దిగాను. విజయనగరంలో మసీదువాళ్లు ఏ ప్రశ్నా వేయకుండా అందుకున్నారు. స్నానం చేయించి, నమాజు చదివి, నాన్న చేత కూడా మట్టి వేయించారు.

తిరిగొచ్చాక నాన్న ఆరాధన మానలేదు. కాని ప్రసంగం పొట్టిదైపోయింది. శుక్రవారం మధ్యాహ్నాలు కాఫీ తోటలోకి వెళ్లిపోయేవాడు. నా థీసిస్‌కి డిగ్రీ వచ్చింది. ఆ వరండా అధ్యాయాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఏడు వానలు తగ్గాక నాన్నా నేనూ మావని చూడ్డానికి ఖబరస్తాన్‌కి వెళ్లాం. వానలకి మట్టి దిబ్బలన్నీ కుంగి, గడ్డి కమ్మేసింది. మావకి రాయి పెట్టేవాళ్లు లేరు. కాపలా ముసలాయన అటూ ఇటూ వెతికి, "ఈ వరసలోనే ఉండాలి," అన్నాడు. నాన్న ఆ వరస పొడుగునా నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. చివరికి ఒక దిబ్బ పక్కన కూలబడ్డాడు. అది ఎవరిదో మాకు తెలియదు.

బస్సులో కొండ ఎక్కుతుండగా, "మన తోటలో ఉంటే రోజూ సూసుకుందును," అన్నాడు నాన్న.