కట్టెలిచ్చి చెప్పని మాట

సత్యం వాళ్ల నాన్నకి నిడదవోలులో కాలువ గట్టున కట్టెల అడితి ఉండేది. గ్యాసు బండలు ఊళ్లోకి రాకముందు పెళ్లిళ్ల రోజుల్లో దాని ముందు బండ్లు బారులు తీరేవి. గ్యాసు వచ్చాక వంటకి కట్టెలు అడిగేవాళ్లు తగ్గి తగ్గి, చివరికి ఒకే ఒక్క పనికి అడిగేవాళ్లు మిగిలారు. ఆ పని ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

చావింటి నుంచి వచ్చినవాళ్లతో బేరం ఆడకూడదు. బండి కదిలేటప్పుడు ‘మళ్ళీ రండి’ అనకూడదు. వచ్చినవాళ్లు కూడా ‘వెళ్ళొస్తాం’ అనేవాళ్లు కాదు, ముఖం తిప్పుకుని వెళ్లిపోయేవాళ్లు. ఊరికి ఆ అడితి ఎంత అవసరమో అంత అశుభం. పొద్దున్నే పిల్లల్ని పరీక్షకి పంపే తల్లులు సత్యం ఎదురుపడకుండా చూసుకునేవారు. అదే తల్లులు, ఇంట్లో పెద్దాయన పోతే, ‘బాబూ, కాస్త ఎండిన కట్టె చూసి వెయ్యమను మీ నాన్నని’ అని బతిమాలేవారు. లోకం తీరే అంత, ఎవర్నని ఏం లాభం!

ఈ జన్మలో కట్టె ముట్టనని ఒట్టు పెట్టుకుని సత్యం కంప్యూటర్లు నేర్చుకున్నాడు. తిరిగి తిరిగి అమెరికాలో బెంటన్‌విల్‌లో తేలాడు. ఊరి చివర ఇల్లు కొన్నాడు. ఆ ఇంట్లో నిప్పు వేసుకునే గూడు ఒకటి ఉంది. ఆయన భార్య ఉమామహేశ్వరి అందులో బియ్యం బస్తాలు సర్దింది. పట్టినన్ని పట్టాయి కాబట్టి ఇద్దరికీ సంతోషమే.

2009 జనవరిలో మంచువాన కురిసింది. పడిన చినుకు పడినట్టు కొమ్మల మీద గడ్డకట్టి, ఆ బరువుకి చెట్లు ఫెళఫెళా విరిగి తీగల మీద పడ్డాయి. కరెంటు పోయింది. మొగుడూ పెళ్లాలు ఇంట్లో ఉన్న రగ్గులన్నీ కప్పుకుని వణుకుతుంటే, వాకిట్లో ట్రాక్టర్ చప్పుడైంది. పక్క పొలం వర్నన్. డెబ్బై దాటిన మనిషి. వెనక తొట్టినిండా ఎండిన కట్టెలు. బియ్యం బస్తాలు తనే బయటికి లాగి, నిప్పు రాజేసి, ఇల్లు వెచ్చబడేదాకా కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అన్నాడు.

“శనివారం మా ఇంటికి రా. విరిగిన చెట్ల పని ఉంది. ఈ కట్టెలు అయిపోతే మళ్ళీ పట్టుకెళ్దువుగాని.”

కట్టెలు ఇచ్చిన మనిషి మళ్ళీ రమ్మనడం సత్యం పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తలుపు వేశాక వెక్కి వెక్కి ఏడ్చాడు. చలికి కాబోలనుకుని ఉమామహేశ్వరి ఇంకో రగ్గు కప్పింది.

అలా మొదలైంది. వర్నన్ ట్రాక్టర్ వెనక దుంగలు చీల్చే స్ప్లిటర్ ఒకటి బిగించి ఉండేది. పొడుగాటి ఇనుప దూలం, దాని ఒక కొసన గొడ్డలి నోరు లాంటి చీలిక. ట్రాక్టర్ ఇంజన్ తిరుగుతుంటే గొట్టాల్లోంచి నూనె పోటెత్తి, ఇనుప కడ్డీ ఒకటి మెల్లగా ముందుకొచ్చి దుంగని ఆ చీలిక మీదికి నెడుతుంది. తొందరేమీ ఉండదు. దుంగ ఒక్క క్షణం బిగదీసుకుని, మూలిగి, రెండుగా విచ్చుకుంటుంది. నాన్న రెండు చేతులతో సమ్మెట ఎత్తి కొట్టి, చొక్కా తడిసి, దగ్గొచ్చి కూలబడే పని ఇక్కడ వేలితో లివర్ లాగితే అయిపోతోంది. సత్యానికి మొదట్లో అది చూస్తే నాన్న మీద జాలేసేది.

“ఒకటే రూలు. దుంగ పెట్టిన చెయ్యే లివర్ లాగాలి. ఒకళ్లు పెట్టి ఇంకొకళ్లు లాగితే వేళ్లు పోతాయి” అని చెప్పాడు వర్నన్.

“ఎస్, వర్నన్ సర్.”

“సర్ ఏమిటి? నేనేమైనా నీ మేనేజర్‌నా?”

పెద్దవాణ్ని ఉత్త పేరుతో పిలవడానికి సత్యానికి నాలుక తిరిగేది కాదు. ఆ ‘సర్’ చివరిదాకా పోలేదు. శనివారాలు పని చెయ్యడం, వర్నన్ భార్య డార్లీన్ కాఫీ తేవడం, బయల్దేరేటప్పుడు ‘శనివారం వస్తావుగా’ అని వర్నన్ అడగడం. సత్యానికి ఆ దేశంలో చుట్టరికమంటూ ఉంటే అదొక్కటే.

తరవాతి ఏడాది శరదృతువులో వర్నన్ గుండె ఆగి పోయాడు. మంచువానలో కూలిన పెద్ద ఓక్ చెట్టుని ఇద్దరూ కలిసి దుంగలు కోసి, ఎండబెట్టి, ఆ చలికాలానికని ఉంచారు. అవన్నీ అలాగే పడి ఉన్నాయి. డార్లీన్ ఇంటికి వెచ్చదనం కట్టెల పొయ్యి నుంచే. కూతురు టల్సా నుంచి వచ్చి, ఒంటరిగా ఇక్కడేం చేస్తావు, ఇల్లు అమ్మేసి నాతో రా అంది. ఈ చలికాలం గడవనీ, ఆలోచిస్తానంది డార్లీన్.

వర్నన్‌ని మట్టిలో పెట్టిన వారం సత్యం వెళ్లి ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. ఆ రోజు పక్కన ఎవరూ లేరు. దుంగ పెట్టే చెయ్యి, లివర్ లాగే చెయ్యి రెండూ తనవే. చీల్చిన కట్టెల్ని వరండా కింద పేర్చాడు. అడితి రోజుల తరవాత చావింటి కోసం కట్టెలు ఎత్తడం అదే మొదలు. డార్లీన్ కాఫీ కప్పు వరండా పిట్టగోడ మీద పెట్టింది. సత్యం ముట్టుకోలేదు. చావింట్లో మంచినీళ్లు కూడా తాగరు. వెళ్ళొస్తాననీ అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు. మన ఆచారం తెలిసినవాళ్లకి అందులో వంక ఏమీ కనిపించదు. నాన్న నేర్పిన మర్యాదే అది.

ప్రతి శనివారం అలాగే జరిగింది. కప్పు చల్లారిపోయేది. ఆమె తలుపు దగ్గర నిలబడే ఉండేది. ఈయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

క్రిస్మస్ దగ్గరపడ్డాక ఉమామహేశ్వరి షాపు నుంచి వస్తూనే సంచులు కింద పడేసింది.

“ఏమండీ, షాపులో డార్లీన్ గారు కనిపించారు. మూవ్ అయిపోతున్నారట. న్యూ ఇయర్ తరవాత ఇల్లు సేల్‌కి పెడుతున్నారట.”

“కట్టెలు చాలినన్ని పేర్చానే! ఇంకా కొడతాను కదా!”

“కట్టెలు కాదండీ. మీరే. ‘సత్యానికి నా మొహం చూడటమే కష్టంగా ఉంది, చచ్చిపోయినాయన మీద గౌరవం కొద్దీ లాక్కొస్తున్నాడు, ఒకళ్లకి బరువై ఇక్కడ ఉండలేను’ అన్నారు. ఆ మాటంటూ కళ్లు తుడుచుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.”

“చావింట్లో వెళ్ళొస్తానని ఎలా అంటాం?”

“పదకొండో రోజు వెళ్లి ఎన్నాళ్లయిందండీ? ఇంకా చావిల్లేనా అది?”

సత్యం పెరిగిన అడితిలో పదకొండో రోజంటూ ఉండేది కాదు. అక్కడ రోజూ ఎవరికో ఒకరికి మొదటి రోజే. మైల తీరిపోతుందని, ఆ తరవాత మనుషులు మళ్ళీ ఒకరింటికి ఒకరు వెళ్తారని అతనికి ఎవరూ చూపించలేదు. నాన్న కూడా అది తెలుసుకోకుండానే పోయాడు. ఆయన పాడె వెనక నడిచినవాళ్లలో ఆయన కట్టె తీసుకోని ఇల్లు లేదు గానీ, దినం భోజనానికి సగం మంది రాలేదు.

శనివారం వెళ్లాడు. స్ప్లిటర్ దగ్గరికి పోలేదు. వరండా మెట్లెక్కి, పిట్టగోడ మీది కాఫీ తీసుకుని గడగడా తాగేశాడు. డార్లీన్ తెల్లబోయి చూసింది. తర్వాత తడబడుతూ ఇంగ్లీషులో మొత్తం చెప్పాడు. నిడదవోలు, కాలువ గట్టు, నాన్న, ముఖం తిప్పుకునే మనుషులు, కట్టెలిచ్చి చెప్పకూడని మాట.

“మీ ముఖం చూడలేక కాదు. ఆ మాటంటే మీ ఇంటికి ఇంకో చావు వస్తుందేమోనని భయం” అన్నాడు.

ఆమె ఓక్ కట్టెల వరసని చూస్తూ కూర్చుంది.

“ఆయన అనేవాడు కదా నీతో, నువ్వు వెళ్లేటప్పుడు, శనివారం వస్తావుగా అని” అంది చివరికి. “నాకు ఆయన గొంతు కంటే ఆ మాటే ఎక్కువ గుర్తొస్తోంది. అది వినపడకపోతే శనివారం అయినట్టే లేదు.”

సత్యం దిగి వెళ్లి, మిగిలిన దుంగల్లో కొన్ని చీల్చాడు. చలికి బిగిసిన ఓక్ తేలిగ్గా విడిపోయింది. కట్టెలు పేర్చి, ఇంజన్ ఆపి, మెట్ల కిందికొచ్చి నిలబడ్డాడు. అడితిలో నాన్న ఒక్కసారి కూడా వినని మాట, అనని మాట అది.

“శనివారం మళ్ళీ వస్తాను, డార్లీన్ గారూ.”

తెలుగులోనే వచ్చింది. ఆమెకి అర్థమైంది కాబోలు, చేతి వెనకతో ముక్కు తుడుచుకుని తలుపు తీసింది.

“వచ్చినప్పుడు టైముంటే సన్నపుల్లలు కూడా కొట్టు. పొయ్యి రాజెయ్యడానికి నా దగ్గర అయిపోయాయి” అంది.